బుగ్గ మీద బొబ్బ

ఫినీన్‌కి తిండి సహించకుండా చేసింది ఒకే ఒక్క పేరు. కొల్లా. ఆ కొల్లా పోయి చాలాకాలమైంది. బతికున్నన్నాళ్ళూ ఎవరి జోలికీ పోయినవాడు కాదు. కానీ అతని పేరు వంశావళిలో ఉండకూడని చోట ఉందని ఫినీన్ కనిపెట్టాడు. కనిపెట్టాక ఊరుకుంటాడా? ఊరుకునే వయసూ కాదు, ఊరుకునే మనిషీ కాదు.

ఇది ఐర్లండులో, పడమటి కొసన, ఓ టోర్నా వంశం వాళ్ళ సీమలో జరిగింది. దొరల్ని రాతి మీద నిలబెట్టి పట్టం కట్టే రోజులనాటి మాట. 'ఓ' అంటే వాళ్ళ భాషలో మనవడని. టోర్నా అనే ఆయన ఎప్పుడో పూర్వం ఆవుల్ని తోలుకుంటూ ఆ లోయలోకి దిగాడట. ఆయన మనవలమని చెప్పుకునేవాళ్ళే ఆ సీమంతా. మన పెళ్ళిళ్ళలో ప్రవర చెప్పినట్టు, వాళ్ళకి ప్రతి మంచికీ చెడ్డకీ వంశావళి చెప్పాలి. భూమి పంచుకోవాలన్నా, పిల్లనివ్వాలన్నా, దొరని ఎన్నుకోవాలన్నా, ముందు ఎవరు ఎవరి కొడుకో తేలాలి. అది తేల్చడానికి ఒక పండితుల ఇల్లుండేది. తండ్రి నుంచి కొడుక్కి నోటి మీదే వచ్చే విద్య అది.

ఆ ఇంటి పెద్ద ఏరార్డ్ గురువుగారు. పిల్లల్లేరు. ఫినీన్ ఆయన శిష్యుడు.

ఫినీన్ ఆ ఇంట పుట్టినవాడు కాదు. వాడి నాన్న దువాన్ ఏటి మీద పడవ నడిపేవాడు. తల్లి పురిట్లోనే పోతే, పసివాణ్ణి పడవలోనే పెట్టుకుని పెంచాడు. ఎక్కినవాళ్ళ పేర్లు, వాళ్ళ నాన్నల పేర్లు, ఒడ్డు చేరేలోగా వాడు గడగడా అప్పజెప్పేవాడు. ఏరార్డ్ ఆ పడవ ఎక్కినప్పుడల్లా ఆ ముచ్చట చూసి నవ్వుకునేవాడు. ఒక వానాకాలం పడవ తిరగబడి దువాన్ పోయాడు. ఏరార్డ్ వెళ్ళి పిల్లవాణ్ణి తీసుకొచ్చి పాఠంలో కూర్చోబెట్టాడు. ఊళ్ళో ఎవరూ వింతగా చూడలేదు. వాళ్ళలో దొరలు కూడా కన్నబిడ్డల్ని చిన్నప్పుడే వేరే ఇళ్ళకి పెంపకానికి పంపిస్తారు. పెంచిన ఇంటి మీద మమకారం కన్న ఇంటికంటే ఎక్కువే ఉంటుంది అక్కడ.

అయినా పెంపకం వేరు, వంశం వేరు. పెంచినంత మాత్రాన ఇంటిపేరు రాదు. తోటి శిష్యులకి కోపమొస్తే 'పడవోడి కొడకా' అనేవాళ్ళు. ఫినీన్ మాట తిరిగి అనేవాడు కాదు. ఆ కసంతా పాఠం మీద చూపించేవాడు.

పాఠం చెప్పే పద్ధతి కూడా చిత్రంగా ఉండేది. కిటికీ లేని పాక. తలుపేస్తే పట్టపగలే చిమ్మచీకటి. శిష్యుడు వెల్లకిలా పడుకోవాలి, పొట్ట మీద ఒక రాయి పెట్టుకోవాలి. ఊపిరి అడుగు నుంచి రావాలని ఆ రాయి, మనసు పక్కకి పోకూడదని ఆ చీకటి. వాన పడుతున్నా, కడుపు కాలుతున్నా, చెప్పింది చెప్పినట్టు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాకే తలుపు తీసేవాళ్ళు. ఫినీన్‌కి ఆ పాకంటే ప్రాణం. చీకట్లో ఎవరి కొడుకన్నది ఎవరికీ కనపడదు.

మొట్టమొదటి రోజు గురువుగారు వాడికి చెప్పింది పేర్లు కాదు. మనం తప్పుడు వంశం చెబితే బుగ్గ మీద బొబ్బ లేస్తుందిరా, అన్నాడు. ఆ దేశంలో అది అందరి నమ్మకం. తప్పుడు తీర్పు చెప్పిన న్యాయాధికారికైనా, తప్పుడు మాట పలికిన పండితుడికైనా తెల్లారేసరికి బుగ్గ పొంగుతుందని, ఇక ఆ మొహంతో సభలో కూర్చోలేడని. ఫినీన్ ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే ఏటికెళ్ళి నీళ్ళలో మొహం చూసుకునేవాడు. పెద్దయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు.

సరే, అసలు కథకొద్దాం.

ఆ ఏడు వేసవి మొదట్లో ఓ టోర్నా వాళ్ళ దొర చనిపోయాడు. వాళ్ళలో పెద్దకొడుకే దొర అన్న లెక్క లేదు. ముత్తాత దాకా దొర రక్తం కలిసే మగవాళ్ళందరికీ హక్కుంది. అందులో తగినవాణ్ణి సభ ఎన్నుకుంటుంది. ఈసారి ఇద్దరు తేలారు. ఇద్దరూ ఒకప్పటి దొర రూరీ మనవలే. డోనల్, చనిపోయిన దొర కొడుకు. చెయ్యి దురుసు, కానీ మాటంటే మాటే. రెండోవాడు ఏంగస్, కొల్లా కొడుకు. నెమ్మదస్తుడు, తగువులొస్తే ఇద్దర్నీ కూర్చోబెట్టి తిండి పెట్టి మరీ మాట్లాడేరకం. సభ ఏంగస్ వైపు మొగ్గింది. డోనల్ మొహం ముడుచుకున్నాడు గానీ సభ మాటకి తలొగ్గాడు. పట్టానికి రోజు పెట్టుకున్నారు.

పట్టం రోజున కొత్త దొర రాతి మీద నిలబడితే, పండితుల ఇంటివాడు టోర్నా దగ్గర్నుంచి ఒక్కో పేరే దిగుతూ కొత్త దొర దాకా రావాలి. ఆ వరస తెగకుండా వస్తేనే పట్టం చెల్లుతుంది. ఏరార్డ్‌కి కిందటి చలికాలం నుంచి రొమ్ము పట్టేసి మాట పెగలడం లేదు. రెండు ముక్కలు మాట్లాడితే దగ్గు. అందుకని ఈసారి ఫినీన్ చెబుతాడన్నాడు. ఫినీన్ పొంగిపోయాడు. పడవవాడి కొడుకు పట్టపు రాయి దగ్గర నోరు విప్పడమంటే మాటలా.

పాకలో చేరి, పొట్ట మీద రాయి పెట్టుకుని, వరసంతా ఒకసారి నెమరేసుకోవడం మొదలుపెట్టాడు. కొల్లా దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు.

కొల్లా సంగతి అందరికీ తెలిసిందే. అతను రూరీ దొర ఇంట పుట్టలేదు. ఉన్నిబట్టలు ఉతికి చదునుచేసే ఒకతని ఇంట్లో పెరిగాడు. అతనికి మీసాలొచ్చే వయసులో తల్లి లాసర్‌కి ప్రాణం మీదికొచ్చింది. ఆవిడ రూరీ దొరకి కబురంపించి, కొడుకుని మంచం పక్కన నిలబెట్టి, దొరా వీడు నీ కొడుకు, అంది. ఆ దేశంలో ఆ ఆచారం ఉంది. తల్లి ఉంటే ఫలానావాడి కొడుకని తనే చెప్పాలి, లేకపోతే తండ్రి నలుగురిలో చెయ్యి పట్టుకున్నా చాలు. పట్టుకుంటే ఆ పిల్లవాడు, ఏ వయసువాడైనా సరే, ఆ క్షణం నుంచి కొడుకే. భూమిలో వాటా, సభలో చోటు, అన్నీ మిగతా కొడుకులతో సమానం. రూరీ దొర ఆ కుర్రాణ్ణి కాసేపు చూసి, చెయ్యి పట్టుకుని, "నావాడు" అన్నాడట. అంతటితో సరి.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఫినీన్‌కి చాలా పద్యాలు నోటికొచ్చు. అదే కొంప ముంచింది. కొల్లా పుట్టింది ఏరు గడ్డకట్టిన ఏడని ఊరంతా పాడుకునే పద్యంలో ఉంది. ఆవుల్ని గడ్డ మీంచి అవతలి ఒడ్డుకి నడిపించిన ఏడది, మరో ఏడుతో పొరబడే వీల్లేదు. ఇక ఉత్తరాది పెద్ద రాజు దగ్గర ఎవరెవరు జామీనుగా చెరలో ఉన్నారో చెప్పే పద్యమొకటుంది. అది పండితులు తప్ప ఎవరూ నేర్వరు. అందులో కుర్రవాడైన రూరీ ఉన్నాడు. ఏరు గడ్డకట్టడానికి రెండేళ్ళ ముందు వెళ్ళాడు, గడ్డకట్టిన మరుసటి ఏడాది కోతలయ్యాక గానీ తిరిగిరాలేదు. కాళ్ళకి సంకెళ్ళు. కోట బయటికి అడుగు పెట్టలేదు.

ఫినీన్ రెండు పద్యాలనీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. తిప్పి తిప్పి చూశాడు. ఎలా చూసినా ఒకటే. కొల్లా రూరీ కొడుకయ్యే వీలు లేదు. అలాంటప్పుడు ఏంగస్ రూరీ మనవడు కాదు. ఏంగస్‌కి రాతి మీద నిలబడే హక్కే లేదు.

ముందు భయమేసింది. ఆ తర్వాత, నిజం చెప్పాలంటే, సంబరమేసింది. ఇంతమంది పండితులు, ఇన్నేళ్ళు చూడనిది తను చూశాడు. ఇక వాడికి కొమ్ములు మొలవకేం చేస్తాయి?

పరుగున గురువుగారి దగ్గరికెళ్ళాడు. ఏరార్డ్ పొయ్యి పక్కన కూర్చుని, ఉన్ని దుప్పటికి అంటుకున్న ముళ్ళగింజలు ఒక్కొక్కటే ఏరుకుంటున్నాడు. ఫినీన్ గుక్క తిప్పుకోకుండా రెండు పద్యాలూ చదివి, ఏళ్ళు కలిపి, తేల్చి చెప్పాడు. ఏరార్డ్ చివరిదాకా విన్నాడు.

"ఆ కోటలో చెరపడింది ఎవరు?" అని అడిగాడు.

"రూరీ దొరండి."

"సంకెళ్ళు ఎవరి కాళ్ళకేశారు?"

"ఆయన కాళ్ళకేనండి."

"ఊఁ. అది మర్చిపోకు" అని మళ్ళీ ముళ్ళగింజల్లో పడ్డాడు.

ఫినీన్‌కి అది ఒప్పుకోలులాగే వినిపించింది. అయినా గట్టి చేసుకుందామని, రాయి దగ్గర తను ఏం చెప్పాలని అడిగాడు. ఏరార్డ్ దగ్గి, తెరిపిచ్చాక, నీకు నిజమనిపించింది చెప్పు, నోరు నీది, అన్నాడు. ఇంకో పండితుడైతే ఆ పేరెత్తితే నాలుక చీరేస్తానని బెదిరించేవాడు. ఈయన చల్లగా ముళ్ళు ఏరుకుంటున్నాడు. ముసలితనం వచ్చి పట్టు జారిందనుకున్నాడు ఫినీన్. కాస్త జాలి కూడా పడ్డాడు పాపం.

అక్కడితో నోరు మూసుకున్నా బాగుండేది. మర్నాడు రేవు దగ్గర డోనల్‌తో కలిసి పెరిగిన పాలసోదరుడు కనిపించాడు. మీవాడికి పట్టం పోయిందే అని ఫినీన్ ఊరికే పలకరించాడు. అతను, మా ఖర్మ అన్నాడు. ఫినీన్ కడుపులో మాట ఆగలేదు. రాయి దగ్గర నేను చెప్పేది జాగ్రత్తగా వినమను మీ డోనల్‌ని, ఒక పేరు దగ్గర ఆగుతాను, అన్నాడు. అంతే అన్నాడు. అనేసి, తను చాలా గుట్టుగా మాట్లాడాననుకుంటూ ఇంటికొచ్చాడు.

పట్టం రోజు వచ్చింది. వాన లేదు, ఎండ కాస్తోంది. ఆ సీమలో అది అపురూపమే. గుట్ట మీద రాయి చుట్టూ జనం. రాతి చుట్టుపక్కల ఆయుధం పట్టకూడదన్నది కట్టుబాటు, అందరూ ఉత్త చేతులతో వచ్చారు. ఏంగస్ ఒక్క కాలికే చెప్పు వేసుకుని నిలబడ్డాడు. రెండో చెప్పు, పోటీపడి ఓడిన దాయాది తెచ్చి తొడగాలి. తొడిగితే ఇక పగ లేనట్టు. డోనల్ ఆ చెప్పు చేత్తో పట్టుకుని తనవాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు.

ఫినీన్ అటు చూశాడు. ఎండ చుర్రుమంటుంటే డోనల్ మనుషులందరూ మెడ దాకా ఉన్ని దుప్పట్లు కప్పుకుని ఉన్నారు. ఎందుకు కప్పుకున్నారో అర్థం కావడానికి వాడికి క్షణం పట్టింది. రేవు దగ్గర తను అన్న మాట గుర్తొచ్చింది. తను ఒక పేరు దగ్గర ఆగితే ఆ దుప్పట్లు కింద పడతాయి, కత్తులు పైకి లేస్తాయి. ఇవతలివైపు ఏంగస్ మనుషులు, వాళ్ళ వెనక వాళ్ళ ఆడవాళ్ళు, ఉత్త చేతులతో, ఎండలో నవ్వుకుంటూ నిలబడి ఉన్నారు. ఏంగస్ భార్య చంకలో పిల్ల కూడా ఉంది.

అయితే అబద్ధం చెప్పాలా? పట్టపు రాయి దగ్గర? చెయ్యి తనకి తెలియకుండానే బుగ్గ మీదికి పోయింది. నిజం చెబితే నెత్తురు, అబద్ధం చెబితే బొబ్బ. మింగలేడు, కక్కలేడు.

ఈలోగా తెల్లకర్ర అందించే ఇంటి ముసలాయన ముందుకొచ్చాడు. కొత్త దొర చేతికి తొక్కతీసిన తెల్లకర్ర ఇచ్చేది వాళ్ళ ఇంటివాళ్ళే, అందుకని ఆయన్ని కర్రపెద్ద అంటారు. ఆచారమంటే చచ్చేటంత పట్టుదల. వంశం చెప్పేవాడు ముందు తన వంశం చెప్పుకోవాలి. అది లేకపోతే ఆ నోటికి విలువ లేదు.

"నువ్వెవరు? ఎవరి కొడుకువి?" అని అడిగాడు కర్రపెద్ద.

ఫినీన్ సిద్ధం చేసుకునే వచ్చాడు. తను ఏరార్డ్ గురువుగారి గొంతునని, ఆయనకి మాట పెగలక తనని నిలబెట్టారని చెప్పాడు. కర్రపెద్ద తలడ్డంగా ఊపాడు. గొంతుకి తండ్రి ఉండడు, మనిషికుంటాడు, నేనడిగింది మనిషిని, అన్నాడు. జనంలో ఎవడో, పడవ దువాన్ కొడుకులే, అన్నాడు. నవ్వులు. చిత్రమేమిటంటే నవ్వనివాళ్ళు డోనల్ మనుషులు మాత్రమే. చెప్పనివ్వండి, చెప్పనివ్వండి, అని వాళ్ళు గొడవ చేశారు.

కర్రపెద్ద వినలేదు. పండితుల ఇంటివాడు కాకుండా ఇంకొకడు చెబితే పట్టం చెల్లదన్నాడు, ఇంటికి పొమ్మన్నాడు. ఫినీన్‌కి తల కొట్టేసినట్టయింది. చిన్నప్పటి నుంచి వెంటాడిన మాట, అందరికంటే పెద్ద సభలో, అందరి ముందు. నిన్నటిదాకా కొల్లాని వరస లోంచి తీసెయ్యాలని ఉరకలేసినవాడు, ఇప్పుడు తననే వరస లోంచి తీసేస్తుంటే నేల చూస్తూ నిలబడ్డాడు.

రాయి పక్కన బల్ల మీద కూర్చున్న ఏరార్డ్ లేచాడు. లేవడానికే కాసేపు పట్టింది. కర్ర ఊతంతో నాలుగడుగులు వేసి, ఫినీన్ పక్కకొచ్చి, నలుగురూ చూసేలా వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"నావాడు" అన్నాడు.

దువాన్ని ఎరగనివాళ్ళెవరున్నారక్కడ? ఆ పడవ ఎక్కనివాళ్ళెవరున్నారు? కర్రపెద్ద కూడా ఎక్కినవాడే. ఆయన ఏరార్డ్ చేతినీ, ఆ చేతిలో ఉన్న చేతినీ చూశాడు. ఆచారంలో లోటేమీ కనపడలేదు. తల ఊపి, అయితే నీ వంశం చెప్పు, అని ఫినీన్ వైపు తిరిగాడు.

ఏరార్డ్ ఇది చెప్పు, అది చెప్పకు అనలేదు. చెయ్యి వదిలేసి, వెనక్కెళ్ళి బల్ల మీద కూర్చుని, జబ్బ అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు. వీడి వైపు చూడనే లేదు.

ఫినీన్‌కి నాన్న మొహం గుర్తులేదు. తెడ్డు నీళ్ళలో పడే చప్పుడు మాత్రం గుర్తుంది. అది ఇప్పుడు కూడా వినపడింది. దాంతోపాటే, పొయ్యి ముట్టించడం నేర్పిన చెయ్యి, జ్వరమొస్తే నుదుటి మీద ఉన్న చెయ్యి, పాక తలుపు తీసి, బాగా చెప్పావురా, పద తిందువుగాని, అన్న గొంతూ గుర్తొచ్చాయి.

"నేను ఫినీన్‌ని" అన్నాడు. వెనకున్నవాళ్ళకి వినపడలేదు. మళ్ళీ అన్నాడు. "నేను ఫినీన్‌ని. ఏరార్డ్ కొడుకుని."

ఆ తర్వాత ఏరార్డ్ తండ్రి, ఆయన తండ్రి, అలా పండితుల ఇంటి పేర్లన్నీ వరసగా వచ్చేశాయి. ఇన్నేళ్ళూ వేరేవాళ్ళ ఇంటి సంగతిలా అప్పజెప్పిన పేర్లే. ఇప్పుడు ఒక్కోటీ తనవాళ్ళ పేరై పలికింది.

అక్కడి నుంచి దొరల వంశం ఎత్తుకున్నాడు. లోయలోకి ఆవుల్ని తోలుకొచ్చిన టోర్నా. ఆయన కొడుకు, వాడి కొడుకు. పొట్ట మీద రాయి లేకపోయినా ఊపిరి అడుగు నుంచే వస్తోంది. పేర్లు దిగుతున్నాయి, దగ్గరికొస్తున్నాయి. ముసలివాళ్ళు పెదాలు కదుపుతూ వింటున్నారు. రూరీ దాకా వచ్చాడు.

ఆగాడు.

డోనల్ మనుషుల దుప్పట్లు కదిలాయి. డోనల్ చెప్పుని ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు.

ఆ కోటలో చెరపడింది ఎవరు? రూరీ. సంకెళ్ళు ఎవరి కాళ్ళకి? రూరీ కాళ్ళకే. ఆ ఏళ్ళలో తనెక్కడున్నాడో తెలుసుకోవడానికి రూరీకి పద్యం కావాలా? ఊరంతటికంటే ముందు తెలిసినవాడు ఆయనే. తెలిసే ఆ మంచం పక్కన నిలబడ్డాడు, తెలిసే చెయ్యి చాపాడు. ఆ వేళ ఆ ఇంట్లో ఉన్నవాళ్ళలో సగం మందికీ తెలిసే ఉంటుంది. ఇంత పెద్ద పద్యాలు కలిపి ఫినీన్ కనిపెట్టింది, ఆ రోజు అందరూ చూసి ఊరుకున్నదే.

"రూరీ కొడుకు కొల్లా" అన్నాడు ఫినీన్. "కొల్లా కొడుకు ఏంగస్."

అన్నాక వెనక్కి తీసుకునే వీలు లేదు. జనం ఒక్కసారిగా ఏంగస్ పేరు పిలిచారు. కర్రపెద్ద తెల్లకర్ర అందించాడు. డోనల్ మాత్రం కదల్లేదు. పక్కనున్న పాలసోదరుడు ఏదో గొణిగితే చెయ్యెత్తి ఆపాడు. తర్వాత నెమ్మదిగా నడుచుకుంటూ ఫినీన్ ఎదుటికొచ్చి నిలబడ్డాడు.

"ఒక పేరు దగ్గర ఆగుతానన్నావట. ఇదేనా?"

"ఇదేనండి."

"ఎందుకాగావు?"

"ఊపిరి తీసుకోవడానికండి."

డోనల్ వాడి మొహంలోకి చూశాడు. ఏం కనిపించిందో మరి, ఆ పైన అడగలేదు. వెళ్ళి ఏంగస్ కాలి దగ్గర వంగి చెప్పు తొడిగి, తోలుతాడు గట్టిగా ముడేశాడు. ఏంగస్ అతని భుజం పట్టుకుని లేపాడు. దుప్పట్లు కప్పుకున్నవాళ్ళు చెమటలు తుడుచుకుంటూ అలాగే కప్పుకుని విందుకి కూర్చున్నారు. పాపం, అవి తీసే దారి లేదు కదా. ఆ పూటంతా ఉడికిపోయారు.

ఫినీన్ విందులో ఒక్క ముద్ద సరిగ్గా తినలేదు. ఏరార్డ్ పక్కనే కూర్చున్నాడు. గురువుగారూ అని పిలవబోయి ఆగిపోయాడు. ఇంకేమని పిలవాలో తెలియక, పిలవకుండానే రొట్టె అందించాడు, పాలు అందించాడు.

మర్నాడు పొద్దున్నే లేచి ఏటికి పరుగెత్తాడు. రాత్రంతా చెయ్యి బుగ్గ మీద పెట్టుకునే పడుకున్నాడు. రేవు రాతి మీద మోకాళ్ళూని, నీళ్ళు కాస్త తేరుకునేదాకా ఆగి, వంగి చూసుకున్నాడు. కుడి బుగ్గ చూశాడు. ఎడమ బుగ్గ చూశాడు. వేళ్ళతో తడిమాడు. ఎర్రదనం కూడా లేదు. నున్నగా, ఎప్పటిలాగే ఉన్నాయి. నమ్మకం కలక్క మళ్ళీ చూసుకున్నాడు.

వెనక దగ్గు వినిపించింది. ఏరార్డ్ కర్ర పొడుచుకుంటూ గట్టు దిగొస్తున్నాడు. వచ్చి వాడి పక్కన రాతి మీద కూలబడ్డాడు. ఏం చూసుకుంటున్నావురా, అని అడగలేదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నవాడే కదా.

దోసిట్లో నీళ్ళు తీసుకుని మొహం కడుక్కున్నాడు. తుడుచుకోకుండానే ఫినీన్ వైపు బుగ్గ తిప్పి పెట్టాడు.

"నాది కూడా చూడు. ఏమైనా లేచిందా?"

ఫినీన్ చూశాడు. దగ్గరగా, నిదానంగా చూశాడు. ముడతలు, తెల్లగా పెరిగిన గడ్డం, గడ్డం చివర ఒక నీటిబొట్టు.

"ఏం లేదు నాన్నా" అన్నాడు.